ఈత రాకపోయినా అండమాన్‌లో స్కూబా డైవింగ్ చేయొచ్చా?

చేయొచ్చు. వీపున గాలి సిలిండర్ కట్టుకుని, దాని గొట్టంతో నోటి ద్వారా ఊపిరి తీసుకుంటూ నీటి అడుగుకు దిగడమే స్కూబా డైవింగ్. నాకూ ఈత రాదు. రాజమండ్రిలో గోదావరి ఒడ్డునే పెరిగినా రేవు మెట్ల మీద కూర్చుని చెంబుతో నీళ్లు పోసుకోవడమే తప్ప మోకాలి లోతు దాటి దిగలేదు. అలాంటి నేను రెండేళ్ల కిందట హేవ్‌లాక్‌లో, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, నీమో రీఫ్ అనే పగడాల దిబ్బ దగ్గర సముద్రంలో దిగి వచ్చాను. మొదటిసారి వెళ్లేవాళ్లను కొద్ది మీటర్ల లోతుకే తీసుకెళ్తారు, ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి వదలడు. ఈత గురించి టెన్షన్ పెట్టుకోకండి. చెవుల సంగతి చూసుకోండి.

ఆ ఫిబ్రవరి ఉదయం నీళ్లు చెరువులా నిలకడగా ఉన్నాయి. మా ఇన్‌స్ట్రక్టర్ పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టిన కుర్రాడు, వాళ్ల తాతగారిది శ్రీకాకుళం వైపు. నా మాట వినగానే తెలుగులోకి దిగిపోయాడు. "అక్కా, ఊపిరి మాత్రం బిగబట్టొద్దు. నోటితో తీసుకోండి, నోటితోనే వదలండి." ఛాతీ లోతు నీళ్లలో పావుగంట అదే చేయించాడు.

రెండు మీటర్లు దిగామో లేదో కుడి చెవిలో సూది గుచ్చినట్టు పోటు. చెవి వైపు వేలు చూపించాను. అతను నన్ను మూరెడు పైకి లేపి ఆగాడు. నేను ముక్కు నొక్కి పట్టుకుని మెల్లగా గాలి ఊదాను. టక్‌మంది, పోటు పోయింది. పది మీటర్ల లోతులో పైనున్నదానికి రెట్టింపు ఒత్తిడి ఉంటుంది, అందుకే నొప్పి వచ్చేదాకా చూడకుండా, దిగుతున్నంతసేపూ ఇలా ఊదుకుంటూ ఉండాలి. జలుబు ఉంటే ఆ రోజుకు మానేయండి, కట్టిన డబ్బు పోయినా సరే.

చెవి తెరుచుకున్నాక వినిపించింది ఆ చప్పుడు. కరకర, కరకర. పక్క గదిలో ఎవరో జంతికలు నములుతున్నట్టు. చూస్తే ఆకుపచ్చ, గులాబీ కలిసిన చిలక చేప ఒకటి పగడాన్ని పళ్లతో గీకి తింటోంది. కాసేపటికి అది తిన్న పగడమే దాని వెనక నుంచి తెల్లటి ఇసుకై పొగలా రాలింది. నిన్న బీచ్‌లో నేను కాళ్లు పెట్టుకుని కూర్చున్న ఇసుకలో ఇలా వచ్చింది ఎంతో! దాని పక్కనే ఎనిమోన్ అనే సముద్ర జీవికి ఉండే వేళ్లలాంటి కొసల మధ్య నారింజ రంగు క్లౌన్ చేపలు రెండు. వేలెడు పొడవు లేని చేప ఇల్లు కాపాడుకోవడానికి నా మాస్క్ మీదికి దూసుకొచ్చింది. నేనే వెనక్కి తగ్గాను.

నాకు ఒళ్లు మండింది ఆ తర్వాతే. ఇంకో బ్యాచ్ దిగింది. వీడియో బాగా రావాలని వాళ్ల గైడ్ ఒకాయన చేత కొమ్మల పగడాన్ని పట్టించాడు. అది పుటుక్కున విరిగింది. విరిగిన ముక్క కింద పడింది, ఆయన కెమెరాకు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. పగడం రాయి కాదండీ, ప్రాణమున్న జీవి. బండలా పెరిగే రకాలైతే ఏడాదికి సెంటీమీటరు పెరగడమే గొప్ప. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటికి రక్షణ కూడా ఉంది. పైకొచ్చాక ఆ గైడ్‌ను అడిగితే "అందరూ పట్టుకుంటారు మేడమ్" అన్నాడు.

అందుకే బుక్ చేసే ముందు వీడియో ఉచితమా అని అడగకండి, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమందిని ఇస్తారో అడగండి. ఒకరికి ఒకరు అంటేనే వెళ్లండి. ఆస్తమా, గుండె జబ్బు ఉంటే ఫారంలో దాచొద్దు. డైవ్ చేసిన రోజే విమానం ఎక్కకండి, కనీసం 18 గంటలు ఆగండి. మేం హేవ్‌లాక్‌లో ఆ రాత్రి ఉండిపోయాం. సాయంత్రం బీచ్‌లో ఇసుక దోసిట్లోకి తీసుకుని మా అమ్మాయికి చిలక చేప సంగతి చెప్తే, నమ్మక మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.