పొలంలో పాత నాణేల ముంత దొరికితే...

ప్రశ్న: మా చిన్నాన్న పొలం చదును చేస్తుంటే నాకు ఒక మట్టి ముంత దొరికింది. లోపల ముప్పై దాకా నాణేలున్నాయి. కొన్ని చిలుము పట్టినవి, కొన్ని నల్లగా, బరువుగా ఉన్నాయి. చింతపండుతో తోమి చూద్దామని ఇంట్లో అంటున్నారు. మ్యూజియానికి ఇస్తే అద్దాల వెనక పెట్టడం తప్ప ఇంకేం చేస్తారు? మాకేమైనా వస్తుందా?

జవాబు: ముందుగా, దయచేసి తోమకండి. ఇవి శాతవాహనుల నాటివి కావచ్చు. వాళ్ల నాణేల మీద అంచు చుట్టూ ఆనాటి బ్రాహ్మీ లిపి అక్షరాలుంటాయి, చాలాసార్లు అవి చిలుములోనే నిలిచి ఉంటాయి. చింతపండు పులుపు చిలుమును కరిగిస్తే అక్షరం కూడా దానితోపాటే పోతుంది.

నల్లగా, బరువుగా ఉన్నవి సీసపువి కావచ్చు. వాటిని చెక్కపెట్టెలో, అట్టపెట్టెలో పెట్టొద్దు. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా మారి రాలిపోతుంది. మట్టి దులపకుండా, ఒక్కో నాణేన్ని అంచు పట్టుకుని విడి పాలిథీన్ కవర్లో వేసి, తడి తగలని చోట ఉంచండి. పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి. ముంత పగిలినా పెంకులు పారేయకండి. దొరికిన చోటు సర్వే నంబరు, లోతు, తేదీ రాసుకుని ఫోటో తీసి పెట్టుకోండి.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్నవి అందులో ఉండాలి. దాస్తే మీ వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. సొమ్ము తమదనే వాళ్లు రావడానికి కలెక్టరు ప్రకటన ఇస్తారు, ఆ ప్రకటన వచ్చిన నాలుగు నుంచి ఆరు నెలల మధ్య విచారణ ఉంటుంది. ఎవరూ రాకపోతే, మీరూ మీ చిన్నాన్నా వేరే ఒప్పందం చేసుకోకుంటే, దొరికినవారికి నాలుగింట మూడొంతులు, భూమి యజమానికి నాలుగో వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇస్తుంది. సీసానికి ఆ లెక్కన వచ్చేది తక్కువే. ఇది చట్టంలోని లోపమని మా అభిప్రాయం.

ఇక అద్దాల వెనక సంగతి. అక్కడికి చేరకముందే ప్రతి నాణేన్నీ తూకం వేసి, కొలిచి, రిజిస్టరులో సంఖ్య ఇస్తారు. ఎక్స్-కిరణాలతో గీత పడకుండా లోహాల పాళ్లు తెలుసుకోవచ్చు. ముంతలోని నాణేలన్నీ కలిసి ఉంటే వాటిలో అన్నిటికన్నా కొత్తదాన్ని బట్టి, ముంతను అంతకన్నా ముందు పాతిపెట్టలేదని తేలుతుంది. నాలుగు నాణేలు వ్యాపారికి అమ్మేస్తే ఆ లెక్కే తప్పుతుంది. గోదావరి ఒడ్డున కోటిలింగాల నాణేల వల్లనే గోబద, సమగోప వంటి రాజుల పేర్లు మనకు తెలిశాయి. శాతవాహన వంశాన్ని మొదలుపెట్టాడనే సిముకుడి పేరున్న నాణేలూ అక్కడ దొరికాయి. ఊరి మట్టిలో దొరికినవాటిని ఒకచోట చేర్చి చదవగలిగితేనే ఇది సాధ్యం. మ్యూజియం చేసే పని ఇదే.

ప్రశ్న: ఇలాంటి నాణేలు హైదరాబాదులో ఎక్కడ చూడొచ్చు?

జవాబు: పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో. శుక్రవారం సెలవు. భూతద్దం తీసుకెళ్లండి. శాతవాహన నాణెం వెనకవైపు అడ్డం నిలువు గీతలూ, వాటి నాలుగు కొసల్లో నాలుగు వలయాలూ ఉండే ఉజ్జయిని గుర్తును ముందు వెతకండి. అది కనబడితే నాణెం ముందువైపు ఏనుగును, దాని చుట్టూ అక్షరాలను పోల్చుకోవడం తేలికవుతుంది.