ఈ ఏటి ఊరిని రాయి

బిడ్డా,

మన ఊరి మీద నువ్వు రాసి వాట్సాప్‌లో పంపిన పేజీలు చదివాను. రాత బాగుంది. అయితే ఒక మాట చెప్తాను, మనసు కష్టపెట్టుకోకు. ఎంత చదివినా అది ఏ నెలో, ఏ ఏడో నాకు అంతుపట్టలేదు. పచ్చని పొలాలు, స్వచ్ఛమైన గాలి, కల్మషం లేని మనుషులు, మామిడి కొమ్మ మీద కోకిల. మీ అమ్మ కాలేజీ మ్యాగజైన్‌లో రాసిన వ్యాసంలోనూ ఇవే ఉండేవి. ఊరి మీద బెంగ ఉంటే ఉండనీ, తప్పేం లేదు. కానీ బెంగకు తారీఖు ఉండదు. నువ్వు తారీఖు వేసి రాయి.

ముందు ఒక జాగా ఎంచుకో. ఊరంతా నెత్తిన పెట్టుకోకు. మన చెరువు కట్ట, తూము దగ్గర్నుంచి మత్తడి (అలుగు) దాకా చాలు. రెండు వారాలకోసారి వస్తానన్నావు కదా, కార్తెల లెక్కకు అది చక్కగా సరిపోతుంది. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. గోడ మీది క్యాలెండర్‌లో ఏది ఎప్పుడు వస్తుందో ఉంటుంది. ‘జూన్’ అని రాస్తే నెర్రెలు విచ్చిన నేల, మొలకలు లేచిన నేల ఒకే మాట కిందికి వస్తాయి. రోహిణి, మిరుగు (మృగశిర), ఆరుద్ర అని విడదీసి రాస్తే ఏది ఏ వారం మారిందో నీకే కనబడుతుంది.

కార్తెల సామెతలు నీకు బాగానే వచ్చు. వాటిని అందానికి వాడకు, పరీక్ష పెట్టు. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. 2025లో రుతుపవనాలు మే నెలాఖరుకే తెలంగాణలోకి వచ్చేశాయి. రోహిణి అప్పుడే మొదలైంది, రోళ్ళు పగలడం మాట అటుంచి తడిసి కూర్చున్నాయి. అలాంటి ఏడు రైతుకు ఎంత టెన్షనో చూడు. 60 మిల్లీమీటర్ల పైన వాన పడి, నేల లోపలిదాకా నానితేనే పత్తి గింజలు పెట్టమని మా వ్యవసాయ శాఖ వాళ్ళం ఊరూరా చెప్పేవాళ్ళం. పక్క చేనోడు పెట్టేశాక చేతులు కట్టుకుని ఆగడం ఎవరి తరం? అటు చూస్తూ, ఇటు మబ్బు చూస్తూ గట్టు మీద నిలబడ్డ మనిషిని రాయి. నాకు తెలిసి తొలకరి అంటే అదే. మట్టి వాసన గురించి ఇప్పటికే చాలామంది రాశారు.

తొలి వానలకు లైటు చుట్టూ ఉసిళ్ళు మూగుతాయి. ఆ రోజుల్లోనే ఎర్రమట్టి దిబ్బల మీద ఆరుద్ర పురుగులు కనబడతాయి. అరచేతిలోకి తీసుకుని చూడు, ఎర్ర మఖమల్లులా ఉంటుంది. కాళ్ళు లెక్కపెట్టు, ఎనిమిది ఉంటాయి. అంటే అది సాలీడు చుట్టం. మీద వేలు పెడితే కాళ్ళు ముడుచుకుని ఊరుకుంటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉండి, ఈ నాలుగు రోజులకే పైకి వస్తుంది. చెదలు దాని తిండి. ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదలే కాబట్టి రెండూ ఒకే వానకు బయటికి రావడంలో వింతేం లేదు. ఈ ఏడు ఎక్కడ కనబడ్డాయో, ఏ తారీఖునో రాసి పెట్టు. గడ్డి మందు కొట్టిన చెలకకూ (మెట్ట చేనుకూ) కొట్టని చెలకకూ తేడా ఉందేమో కూడా చూడు.

వానాకాలంలో నువ్వు ఎక్కువసేపు కూర్చోవాల్సింది మాత్రం పాత బావి దగ్గర, ఈత చెట్ల కింద. గిజిగాడి గూళ్ళు అక్కడే ఉంటాయి. కట్టేది మగపిట్ట. వరి ఆకునో ఈతాకునో అంచున ముక్కుతో కొరికి, ఆ కొస పట్టుకుని ఎగురుతుంది. పొడుగాటి పీచు చీలి వస్తుంది. దాన్ని అల్లి ముందు ఒక రింగు చేస్తుంది, దాని మీద టోపీలాంటి కప్పు వేస్తుంది. అక్కడ ఆగిపోతుంది. కప్పుకు వేలాడుతూ రెక్కలు కొడుతూ అరుస్తుంది. ఆడపిట్ట వచ్చి, లోపలికి దూరి, ముక్కుతో లాగి చూస్తుంది. నచ్చితే మగపిట్ట మిగతా సొరంగం కట్టి పూర్తిచేస్తుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే ఎండి వేలాడుతుంది. ఏ చెట్టు చూసినా అలాంటివి ఉంటాయి. లోపలి గోడకు తడి మట్టి ముద్దలు కూడా అంటిస్తుంది, ఎందుకో తలా ఒకటి చెప్తారు. గూళ్ళు ఎక్కువగా చెట్టుకు తూర్పు దిక్కున ఉంటాయి, వాన గాలి పడమటి నుంచి కొడుతుంది కాబట్టి. నా మాట నమ్మకు, లెక్కపెట్టుకో. చూడ్డానికి వీటిలో ఒక్క గూడు చాలు, కార్తెకోసారి నీకు రాయడానికి ఉంటుంది.

నాట్ల దగ్గర చాలామంది రచయితలు దొంగాట ఆడతారు. ఇంకా ఆడవాళ్ళ పాటలే వినబడుతున్నట్టు రాస్తారు. ఇప్పుడు మన మడిలో దిగేవాళ్ళలో బీహార్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన మగవాళ్ళు ఎంతమందో నువ్వే చూశావు. వాళ్ళు ఎక్కడ పడుకుంటున్నారు, ఏం వండుకుంటున్నారు, మన నీళ్ళ గురించి ఏమంటున్నారు? హిందీ నీకు వచ్చు కదా, అడుగు. దమ్ము చేసే ట్రాక్టర్ వెనకాల కొంగలు గుంపుగా నడుస్తుంటాయి. ఒకప్పుడు నాగలి వెనక నడిచేవి. వాటికి కావాల్సింది బయటపడే పురుగులే, ముందు ఎద్దుంటేనేం, డీజిలింజనుంటేనేం.

బతుకమ్మ నాటికి తంగేడు పూలు ఎలాగో దొరుకుతాయి, గట్ల మీద, రోడ్డు పక్కన ఎక్కడైనా బతికే చెట్టు అది. గునుగు అలా కాదు. అది చెలకల్లో కలుపు మొక్కగా బతికింది, గడ్డి మందు పడితే ఉండదు. మీ అత్తయ్య వాళ్ళు ఈసారి గునుగు పూలకు ఎంత దూరం పోయారో, ఎంత కొన్నారో కనుక్కుని రాయి. పండుగ గురించి అంతకంటే మంచి వ్యాసం ఉండదు. దసరా రోజు పాలపిట్టను పంజరంలో పెట్టి, చూపించి డబ్బులడిగేవాళ్ళు వస్తారు, వాళ్ళకు ఇవ్వకు. దాన్ని పట్టడమే నేరం. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు అది మట్టిరంగు పిట్టలాగే ఉంటుంది. ఎగిరినప్పుడు కదా రెక్కల్లో నీలం కనబడేది! అందాకా ఓపిక పట్టు.

చలికాలం సంగతి పెద్దగా చెప్పను, పొద్దున్నే లేస్తే అదే రాయిస్తుంది. నువ్వు ఎగ్గొట్టేది ఎండాకాలం. శివరాత్రి నుంచి హోలీ దాకా మోదుగ పూలకోసం అందరూ ఫోన్లు పట్టుకుని వస్తారు, తర్వాత ఎవరూ రారు. ఏప్రిల్‌లో చెరువు నీళ్ళు లోపలికి జరిగాక ఒడ్డు బురదలో అడుగులు ఉంటాయి. ఏవి బర్రెవి, ఏవి కొంగవి, ఏవి నక్కవి? మేలో రేల చెట్టు ఆకు లేకుండా పసుపు గుత్తులు వేలాడేసుకుని నిలబడుతుంది. కట్ట పొడుగునా ఉన్నది మాత్రం సర్కారు తుమ్మ. అమెరికా ఖండాల నుంచి వచ్చిన చెట్టు, ముళ్ళు, అందం లేదు. అయినా మేకలు దాని కాయలే తింటాయి, ఊళ్ళో పొయ్యిలోకి దాని కట్టెలే వస్తాయి. దాన్ని వదిలేసి ఊరు రాశానంటే నేను ఒప్పుకోను.

‘పేరు తెలియని పక్షి’ అని ఇంకెప్పుడూ రాయకు, నీకు తెలియకపోతే తెలిసినవాళ్ళు ఉన్నారు. తాళ్ళెక్కే గౌడును అడుగు, చెట్టు పైనుంచి రోజూ చూసేవాడు అతనే. తాటాకు అడుగున ఉమ్ముతో ఈకలు అతికించి గూడు కట్టే చిన్న పిట్టను అతను చెయ్యి చాచినంత దూరంలో చూస్తాడు. గొర్లకాపరికి గడ్డి పేర్లు తెలుసు, ఏది తింటే గొర్రెకు కడుపు ఉబ్బుతుందో తెలుసు. పనిలో ఉన్నప్పుడు ఆపి అడగకు, ఛాయ్ పూట అడుగు. కూత వింటే పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ పెట్టుకో, మంచిదే. కానీ అది చెప్పే పేరుతో ఆగకు. ఇక్కడ ఏమంటారో, ఏ ఊరివాళ్ళు అలా అన్నారో పక్కనే రాసుకో. పక్క మండలంలో ఇంకో పేరు ఉండొచ్చు.

ఏ రోజుది ఆ రోజే రాయి. హైదరాబాద్ బస్సెక్కాక రాస్తే మళ్ళీ కోకిల వచ్చి కూర్చుంటుంది.

జూన్ 8కి మిరుగు. ముందురోజు సాయంత్రానికే వచ్చెయ్, అత్తయ్య చేపలు వండుతానంటోంది. పెన్ను కాదు, పెన్సిలు తెచ్చుకో, తడి తగిలితే ఇంకు పారుతుంది. చెప్పులతో కట్ట ఎక్కనివ్వను, బూట్లు వేసుకురా. రాత్రి ఉసిళ్ళు చూడ్డానికి పోదామంటే టార్చి కావాలి, వాన పడ్డ రాత్రుళ్ళు కట్లపాములు తిరుగుతాయి. మా ఇంట్లోది సరిగ్గా వెలగడం లేదు, వచ్చేటప్పుడు ఒకటి కొనుక్కురా. డబ్బులు నేనిస్తాను.

నీ మేనమామ