టెక్ సందేహాలు: తీగ పొడుగైతే సెన్సర్ ఎందుకు పలకదు?

ప్రశ్న: మాది పలాసలో చిన్న జీడిపప్పు యూనిట్. పప్పు నిల్వ గదిలో తేమ, ఉష్ణోగ్రత చూసుకోవడానికి బీఎంఈ280 సెన్సర్ కొన్నాను. సెన్సర్ అంకెలు చదివే చిన్న ఈఎస్‌పీ32 బోర్డుకు జానెడు తీగలతో కలిపితే చక్కగా పనిచేసింది. బోర్డును ఆఫీసులో ఉంచి, 20 మీటర్ల ల్యాన్ కేబుల్ లాగి సెన్సర్‌ను గోదాములో పెడితే ఎప్పుడో ఒకసారి అంకెలు వస్తున్నాయి, మిగతా వేళల్లో సెన్సర్ దొరకలేదంటోంది. పగలు మోటార్లు నడిచేటప్పుడు మరీ అధ్వానం. సెన్సర్ మార్చినా అదే తంతు.

జవాబు: రెండో సెన్సర్‌కు పెట్టిన డబ్బు దండగేనండి, మొదటిది నిక్షేపంగా ఉండి ఉంటుంది. చిక్కంతా తీగ పొడవుతోనే. మీ సెన్సర్ బోర్డుతో మాట్లాడేది ఐ2సి పద్ధతిలో. ఫిలిప్స్ సంస్థ 1982లో దీన్ని రూపొందించింది ఒకే బోర్డు మీద పక్కపక్కన కూర్చునే చిప్పుల కోసం. గోడలు దాటి గోదాములోకి వెళ్లే ప్రయాణం దాని లెక్కలో లేదు.

ఈ పద్ధతిలో చిప్పులు తీగను సున్నా వోల్టులకు దించగలవు, పైకి ఎత్తలేవు. ఎత్తే పని, తీగను 3.3 వోల్టులకు కలిపి ఉంచే పుల్-అప్ రెసిస్టర్‌ది. పక్కపక్కన నడిచే రెండు తీగలు కెపాసిటర్‌లా కొంత విద్యుదావేశాన్ని దాచుకుంటాయి. ల్యాన్ కేబుల్‌లో అది మీటరుకు సుమారు 50 పికోఫారడ్లు (ఇలా దాచుకునే సామర్థ్యానికి కొలమానం). మీ 20 మీటర్లకు 1000. ఐ2సి ప్రమాణం ఒప్పుకునేది 400 వరకే. చివరి మడికి నీరందాలంటే ముందు కాలువంతా నిండాలి కదా, ఇక్కడా అంతే. మీ మాడ్యూలు మీద 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉందనుకుందాం. అప్పుడు సంకేతం పైకి లేవడానికి దాదాపు 8.5 మైక్రోసెకన్లు పడుతుంది. 100 కిలోహెర్ట్జ్ వేగంలో అందుకు దొరికే వ్యవధి 5 మైక్రోసెకన్లు. లేవకముందే మళ్లీ దిగమంటే సెన్సర్‌కు ఏం అర్థమవుతుంది?

ముందు పైసా ఖర్చులేని మందు వేయండి. ప్రోగ్రామ్‌లో ఐ2సి గడియారాన్ని, అంటే సంకేతాల వేగాన్ని, 10 కిలోహెర్ట్జ్‌కు తగ్గించండి. నిమిషానికోసారి తేమ చదవడానికి అంతకు మించిన వేగం ఎందుకు? దాంతో సరిపోకపోతే డేటా, క్లాక్ అనే రెండు సంకేత తీగల నుంచీ 3.3 వోల్టులకు చెరో 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ కలపండి. పైకి లేచే వ్యవధి ఒక మైక్రోసెకను లోపలికి వస్తుంది. త్వరగా లేవాలని ఇంకా చిన్న రెసిస్టర్ మాత్రం పెట్టొద్దు. తీగను కిందికి దించేటప్పుడు ఒక్కో చిప్పు 3 మిల్లీ ఆంపియర్లు మోస్తే చాలని ప్రమాణం చెబుతుంది. ఆ లెక్కన 3.3 వోల్టుల దగ్గర మొత్తం నిరోధం 970 ఓమ్‌ల కంటే తగ్గకూడదు.

ల్యాన్ కేబుల్ వాడేవారిలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. డేటా, క్లాక్ తీగలను మెలితిరిగిన ఒకే జతలో వేస్తారు, చూడటానికి ముచ్చటగా ఉంటుందని కాబోలు. అప్పుడు ఒకదాని కదలిక రెండోదాని మీద పడుతుంది. డేటాను ఒక గ్రౌండ్ తీగతో, క్లాక్‌ను మరో గ్రౌండ్ తీగతో జత చేయండి. కేబుల్‌ను మోటారు కరెంటు తీగల పక్కనే ఒకే పైపులో నడిపించారేమో కూడా చూడండి. పగలు మరీ అధ్వానమన్నారంటే నా అనుమానం అక్కడే.

పీ82బీ715 వంటి ఎక్స్‌టెండర్ చిప్పులు ఉన్నాయి. కేబుల్‌కు రెండు చివరలా ఒక్కొక్కటి పెడితే 3000 పికోఫారడ్ల వరకు నెట్టుకొస్తాయి. మీకు మాత్రం అవి కొనమని చెప్పను. ఈఎస్‌పీ32నే తీసుకెళ్లి సెన్సర్ పక్కన పెట్టండి, వైఫై ఎలాగూ అందులోనే ఉంది. రేకుల గోడలు వైఫైని ఆపేస్తుంటే ఆ బోర్డు నుంచి ఆఫీసుకు ఆర్ఎస్-485 పద్ధతిలో తీగ వేయండి. రెండు తీగల మధ్య వోల్టేజీ తేడాను చదివే ఈ పద్ధతి మోటార్ల విద్యుత్ రొదను బాగా తట్టుకుంటుంది, తక్కువ వేగంలో 1200 మీటర్ల దాకా వెళుతుంది. చివరలు రెండింటిలోనూ 120 ఓమ్‌ల రెసిస్టర్ మరవొద్దు. దీనికి కావాల్సిన చిప్పు అడిగితే దుకాణంలో మ్యాక్స్485 చేతిలో పెడతారు, అది 5 వోల్టుల చిప్పు. మీ బోర్డుకు 3.3 వోల్టుల మ్యాక్స్3485 అడిగి తీసుకోండి. గోదాము వేరే కట్టడమై, కేబుల్ ఆరుబయట వేలాడుతూ వెళ్లాలంటే వైఫైకే నా ఓటు. మన వేసవి పిడుగులకు రాగి తీగతో దారి వేయడం దేనికి?

ప్రశ్న: పూసపాటిరేగ దగ్గర మా రొయ్యల చెరువులో డీఎస్18బీ20 సెన్సర్ వేశాను. 40 మీటర్ల తీగ. మధ్యమధ్యలో 85 డిగ్రీలు చూపిస్తోంది. రొయ్యలు ఉడికిపోవాలి కదా!

జవాబు: రొయ్యలకేం కాలేదు. కరెంటు అందగానే ఆ సెన్సర్‌లో మొదట ఉండే అంకె 85. ఉష్ణోగ్రత కొలవడం పూర్తికాకముందే చదివినా, మధ్యలో కరెంటు తగ్గి సెన్సర్ మళ్లీ మొదటికొచ్చినా అదే కనిపిస్తుంది. కొలతకు 750 మిల్లీసెకన్లు ఆగండి. రెండే తీగలతో నెట్టుకొస్తుంటే మూడో తీగతో కరెంటు విడిగా ఇవ్వండి. డేటా తీగకు పెట్టే 4.7 కిలో ఓమ్ పుల్-అప్ రెసిస్టర్ బదులు 2.2 పెట్టి చూడండి. మైనస్ 127 కనిపిస్తే మాత్రం సెన్సర్ అసలు అందడం లేదని అర్థం. ఉప్పుగాలికి అతుకులు తుప్పు పట్టాయేమో చూడాలి. మార్కెట్లో ఈ చిప్పుకు నకిలీలు కూడా ఎక్కువే.

ప్రశ్న: విజయనగరంలో మా జిరాక్స్ షాపులో ప్రింటర్‌కు 8 మీటర్ల యూఎస్‌బీ కేబుల్ వేశాను. కంప్యూటర్ ఒకసారి గుర్తుపడుతుంది, ఒకసారి పట్టదు.

జవాబు: యూఎస్‌బీ 2.0 కేబుల్‌కు 5 మీటర్లే హద్దు. మధ్యలో చిప్పు ఉండే యాక్టివ్ ఎక్స్‌టెన్షన్ కొనండి. ప్రింటర్ వెనక ల్యాన్ పోర్టు ఉంటే అదీ అక్కర్లేదు, ల్యాన్ కేబుల్ వేసేయండి, 100 మీటర్ల వరకు పనిచేస్తుంది.