క్లబ్బులో చేరితే మీ అమ్మాయికి స్కాలర్‌షిప్ రాదు

ప్రశ్న: మాది పరకాల. వరంగల్‌లో ఎరువుల దుకాణం ఉంది. బీసీలం. ఆదాయ ధ్రువపత్రంలో ఏడాదికి నాలుగున్నర లక్షలని ఉంది. మా బిడ్డ బీఎస్సీ నర్సింగ్ చదివి హనుమకొండలో ప్రైవేటు ఆస్పత్రిలో చేస్తోంది. మేడారం జాతరలో మెడికల్ క్యాంపులో కూడా పనిచేసింది. బ్రిటన్‌లో ప్రజారోగ్యంలో పీజీకి కండిషనల్ ఆఫర్ (షరతులతో సీటు) వచ్చింది. మొత్తం 32 లక్షలు అవుతుందంటున్నారు. చేతిలో ఆరు లక్షలున్నాయి. రోటరీ క్లబ్ వాళ్లు పాతిక లక్షల స్కాలర్‌షిప్ ఇస్తారు, ముందు నువ్వు మెంబర్‌వి కమ్మని ఒక మిత్రుడు చెప్తున్నాడు. చేరాలా, లేక రెండెకరాలు అమ్మేయాలా?

జవాబు: దయచేసి చేరకండి. భూమి అమ్మే మాట కూడా ఇప్పుడే వద్దు.

మీ మిత్రుడు మీ మంచికోరే చెప్పి ఉంటారు. కానీ రోటరీ ఫౌండేషన్ గ్లోబల్ గ్రాంట్ స్కాలర్‌షిప్‌కు క్లబ్ సభ్యులు, వాళ్ల భార్యాభర్తలు, పిల్లలు, మనవళ్లు మనవరాళ్లు అర్హులు కారు. చేరాక తెలిసి రాజీనామా చేసినా మరో 36 నెలలు ఆ అనర్హత పోదు. ఈ సాయం బయటివాళ్ల పిల్లల కోసం పెట్టింది. మీరు బయట ఉంటేనే మీ బిడ్డకు దారి ఉంటుంది.

పాతిక లక్షల లెక్క ఎక్కడిదో కూడా చెబుతాను. గ్లోబల్ గ్రాంట్ బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు, అంటే పాతిక లక్షల పైచిలుకు రూపాయలు ఉండాలి. రోటరీ డిస్ట్రిక్ట్ (మన జిల్లా కాదు, చాలా క్లబ్బులు కలిసిన రోటరీ ప్రాంతీయ విభాగం) తన నిధి నుంచి సుమారు 16,700 డాలర్లు పెడితే, ఫౌండేషన్ దానికి 80 శాతం చొప్పున దాదాపు 13,300 కలుపుతుంది. అంటే ఊళ్లోని క్లబ్ ప్రెసిడెంట్ గారు ఒక్కరే తలచుకుంటే అయ్యే పని కాదు. డిస్ట్రిక్ట్ ఒప్పుకోవాలి, చదవబోయే దేశంలోనూ ఒక క్లబ్ లేదా డిస్ట్రిక్ట్ స్పాన్సర్‌గా ముందుకు రావాలి. ఒక్కొక్కరికి ఇంత పెద్ద మొత్తం కాబట్టి ఇవి అందరికీ దొరకవు. కానీ దొరికితే ఫీజు, వసతి, విమాన టికెట్, వీసా ఖర్చు అన్నీ అందులో పెట్టుకోవచ్చు.

మీ అమ్మాయికి కలిసొచ్చేది ఆమె ఎంచుకున్న చదువు. ఈ స్కాలర్‌షిప్ పీజీ, ఆపై చదువులకే. అదీ రోటరీ ఎంచుకున్న ఏడు రంగాల్లో ఒకదానికి సంబంధించినదై ఉండాలి. వ్యాధుల నివారణ, తాగునీరు-పారిశుద్ధ్యం, తల్లీబిడ్డల ఆరోగ్యం ఆ ఏడింటిలోవే. మామూలు ఎంబీఏకో, సాఫ్ట్‌వేర్ ఎమ్మెస్‌కో అయితే నేనింత ఆశ పెట్టేవాణ్ని కాదు.

అందుకే దరఖాస్తు వ్యాసం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ‘పేదలకు సేవ చేయాలని నా కోరిక’ అని రాస్తే ఎవరికీ గుర్తుండదు. మేడారం క్యాంపు గురించి రాయమనండి. వాంతులు, విరేచనాలతో వచ్చినవాళ్లు ఏ నీళ్లు తాగారు, జంపన్నవాగు దగ్గర ఏం చూసింది, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చేతిలో పెట్టాక ఎలా కలపాలో చెప్పేవాళ్లు ఉన్నారా లేదా, వచ్చే జాతరకు ఏం మార్చవచ్చు, దానికి ఈ చదువు ఎట్లా పనికొస్తుంది. ఇంటర్వ్యూలోనూ తిరిగొచ్చాక ఏం చేస్తావనే అడుగుతారు. ఆమె చేతులతో చేసిన పని ఆమె దగ్గర ఉంది, దాన్నే చెప్పమనండి.

లయన్స్ క్లబ్ సంగతీ కొందరు చెబుతారు. వాళ్ల అంతర్జాతీయ ఫౌండేషన్ వ్యక్తులకు స్కాలర్‌షిప్‌లు ఇవ్వదు. స్థానిక క్లబ్ విమాన టికెట్‌కో పుస్తకాలకో సాయపడితే సంతోషంగా తీసుకోండి, లెక్కలో మాత్రం వేసుకోకండి. డబ్బు కడితే ఏ క్లబ్ నుంచైనా స్కాలర్‌షిప్ ఇప్పిస్తామనేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి.

నా దృష్టిలో మీరు ముందు పట్టుకోవాల్సింది రాష్ట్ర ప్రభుత్వ మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ ఓవర్సీస్ విద్యానిధి. 20 లక్షలు, ఆదాయ పరిమితి ఐదు లక్షలు, దరఖాస్తు ఈపాస్ అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. మీ అమ్మాయి జీతం కూడా కలిపితే ఐదు లక్షలు దాటుతుందేమో ఇప్పుడే చూసుకోండి. విదేశాల్లో పీజీ కోసం రాసే జీఆర్ఈ పరీక్షను బ్రిటన్ యూనివర్సిటీ అడగకపోయినా ఈ పథకం ఎంపికలో ఆ మార్కులు చూస్తారు కాబట్టి ఆ పరీక్ష రాయించండి.

అసలు టెన్షన్ ఇక్కడుంది. విద్యానిధి డబ్బు అక్కడికి వెళ్లి చేరాక విడతలుగా వస్తుంది. వీసాకేమో ఫీజు, జీవన ఖర్చుల డబ్బు ముందే, ఖాతాలో వరుసగా 28 రోజులు కనిపించాలి. బ్యాంకు విద్యా రుణం మంజూరు పత్రం ఉంటే ఆ ఇబ్బంది తీరుతుంది. కాబట్టి స్కాలర్‌షిప్ మీద నమ్మకం ఎంతున్నా రుణం మంజూరు చేయించుకోండి, అవసరమైనంతే వాడుకోండి. సాగు భూమిని చాలా బ్యాంకులు విద్యా రుణానికి తనఖాగా తీసుకోవు. ఇల్లో, అనుమతులున్న ప్లాటో ఉంటే ఆ కాగితాలు తీయండి. చదువుకునే ఏడాదంతా వడ్డీ మాత్రం నెలనెలా కట్టండి, మీ ఆరు లక్షల్లో కొంత దానికి పక్కన పెట్టండి.

రోటరీ డబ్బు, విద్యానిధి రెండూ మంజూరయ్యేలా ఉంటే రెండు చోట్లా చెప్పండి. దాచిపెట్టి తర్వాత తిరిగి కట్టాల్సి వస్తే మీ బిడ్డ పరాయి దేశంలో చదువు మధ్యలో ఇబ్బంది పడుతుంది.

ఈ వారంలోనే ఆఫర్ లెటర్, క్యాంపు సర్టిఫికెట్ తీసుకుని మీ అమ్మాయినే వరంగల్‌లోని రోటరీ క్లబ్ సమావేశానికి వెళ్లమనండి. డిస్ట్రిక్ట్ గ్రాంట్ల కమిటీ ఈ ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తులు తీసుకుంటోందా, ఆఖరి తేదీ ఎప్పుడని అడగమనండి. తేదీ దాటిపోయిందంటే యూనివర్సిటీని ఒక ఏడాది వాయిదాకు అడగండి. ఆ ఏడాదిలో జీఆర్ఈ కూడా అయిపోతుంది.