మూడొందల పది రూపాయల తేడా

ప్రశ్న: సార్ నమస్తే, మాది నర్సంపేటల ఎరువులు, పురుగుమందుల దుకాణం. మార్చి 31 నాటికి మా బుక్కుల బ్యాంక్ బ్యాలెన్స్ 1,84,350 ఉంటే స్టేట్‌మెంట్ల 1,98,160 చూపిస్తున్నది. 28న కంపెనీకి ఇచ్చిన 32,000 చెక్కు వాళ్లింకా బ్యాంకుల వెయ్యలే, ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి అమ్మిన రైతు పాత బాకీ కింద ఇచ్చిన 18,500 చెక్కు నేను 31 సాయంత్రం బ్యాంకు డబ్బాల వేసిన, ఈ రెండూ లెక్కల తీసుకున్నా 310 తేడా వస్తున్నది. లెక్కలు రాసే తమ్ముడు కారణం దొరకని తేడాలు పెట్టే సస్పెన్స్ ఖాతాల వేసి వదిలేద్దాం అంటున్నడు. ఇంకోటి, అదే నెల గల్లాల 900 తక్కువొచ్చింది, కౌంటర్ మీదుండే పోరని మీద అనుమానం, జీతంల పట్టుకుందాం అనుకుంటున్న. స్టేట్‌మెంటు, క్యాష్ బుక్కు ఫొటోలు పంపిన.
- ఒక వ్యాపారి, నర్సంపేట

జవాబు: అన్నా, ముందుగాల ఆ పోరని జీతం మాత్రం పట్టకుండ్రి, ఎందుకో చెప్త.

310 చిన్నదే కదా అని వదిలేస్తే చానా పొరపాటు అయితది, రెండు పెద్ద తప్పులు ఎదురెదురు పడి ఒకదాన్నొకటి కొట్టుకుంటే కూడ మిగిలేది చిన్న తేడానే, మీ దగ్గర అయ్యింది అదే. స్టేట్‌మెంట్ల 31వ తారీఖు చూడుండ్రి, చార్జీల కింద 590 కట్ అయింది, 500 చార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 90. మీ బుక్కుల అది లేదు. మరి దీంతోని బ్యాంకుల 590 తక్కువ కనబడాలె గదా, కానీ 310 ఎక్కువున్నది, అంటే ఇంకెక్కడనో 900 ఎక్కువ పడ్డది. 900ని 9తోని భాగిస్తే ఏం మిగలదు. తేడా గిట్ల 9తోని పోయిందంటే నేను ఫస్ట్ చూసేది అంకెలు అటుఇటు రాసినమా అని. చూస్తే దొరికింది, 12వ తారీఖు మీరు కట్టిన క్యాష్ స్టేట్‌మెంట్ల 5,400, మీ బుక్కుల 4,500.

ఇగ గల్లా సంగతి. గల్లాలకెల్లి పోయింది 5,400, బుక్కు చెప్పేది 4,500, అందుకే బుక్కు ప్రకారం ఉండాల్సిన దానికన్న గల్లాల 900 తక్కువొచ్చింది. పోరడు ఒక్క రూపాయి ముట్టలే.

సరిచేసుడు పెద్ద పనేం కాదు, క్యాష్‌ల 900 తగ్గించి బ్యాంకుల కలుపుండ్రి, 590 ఖర్చు రాయుండ్రి, బుక్కు బ్యాలెన్స్ 1,84,660 అయితది. అటు స్టేట్‌మెంట్ల 32,000 తీసి 18,500 కలిపినా అదే వస్తది. ఆ రెండు చెక్కులకు బుక్కుల ఏం రాయొద్దు, ఒక కాయితం మీద లిస్టు పెట్టుకుంటే చాలు. రైతు చెక్కు గురించి పరేషాన్ కాకుండ్రి, ఏప్రిల్ 1న బ్యాంకోళ్లకు క్లోజింగ్ సెలవు, ఆ తర్వాతనే పడుతది, పడ్డదా లేదా మాత్రం చూసుకోవాలె. కంపెనీకి ఇచ్చిన చెక్కు చెల్లేది దాని మీది తారీఖు నుంచి 3 నెలలే, అందుకే ఇప్పుడే వాళ్లకు ఫోన్ చేసి అడుగుండ్రి, పోగొట్టుకున్నరంటే బ్యాంకుల స్టాప్ పేమెంట్ పెట్టి వేరే చెక్కు ఇయ్యొచ్చు.