మాట తెగుతోందా, గమనించండి

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్లు, ఆస్తమా ఉంది. చలికాలం రాత్రుళ్లు ఆయాసం వస్తే ఇంట్లోనే చూసుకోవాలా, ఆసుపత్రికి తీసుకెళ్లాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు బాబును కూర్చోబెట్టి మాట్లాడించండి. పిల్లికూతలు వినిపిస్తున్నా వాక్యం పూర్తిగా చెప్పగలిగితే తీవ్రత తక్కువగానో మధ్యస్థంగానో ఉందనుకోవచ్చు. డాక్టరు వేరుగా చెప్పి ఉండకపోతే, ఊపిరిగొట్టాలను త్వరగా వదులు చేసే సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను స్పేసర్‌కు (మందును పట్టి ఉంచి, నెమ్మదిగా పీల్చుకోనిచ్చే గొట్టానికి) బిగించి, బాగా కుదిపి, ఒక్కో పఫ్‌కు నాలుగైదు శ్వాసలు తీసుకోనిస్తూ నాలుగు పఫ్‌లు ఇవ్వండి. 20 నిమిషాల్లో ఉపశమనం లేకపోతే మళ్లీ ఇచ్చి ఆసుపత్రికి బయలుదేరండి.

రెండు మూడు మాటలకే ఊపిరి అందక ఆగిపోతున్నా, ముందుకు వంగి కూర్చుంటున్నా, శ్వాస పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుంటున్నా అది తీవ్రమైన దాడి కనుక, ఆ 20 నిమిషాలూ వేచి ఉండకుండా 108కు ఫోన్ చేసి, దారి పొడవునా పఫ్‌లు ఇస్తూనే ఉండండి.

చాలామంది పొరబడేది ఒక్కచోట: ఆయాసం తగ్గకుండానే పిల్లికూత ఆగిపోయి, బిడ్డ మగతలోకి జారుతుంటే, పెదవులు నీలిరంగుకు తిరుగుతుంటే, అది నెమ్మదించడం కాదు, గాలి ఆడకపోవడం, అప్పుడు ప్రతి నిమిషమూ ప్రాణంతో సమానం. నిద్రపట్టిందని దయచేసి పడుకోబెట్టకండి.