గుండె ఆపరేషన్ల ఐసీయూలో స్టాఫ్ నర్సు ఉద్యోగం ఎలా ఉంటుంది? చెల్లిని చేర్చవచ్చా?

మీ చెల్లెలు బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసిందనీ, ఒక హార్ట్ ఆసుపత్రి వాళ్లు సీటీ ఐసీయూకి, అంటే గుండె, ఛాతీ ఆపరేషన్లయిన వాళ్లని ఉంచే ఐసీయూకి రమ్మన్నారనీ, అక్కడ పని చాలా కష్టమని అందరూ భయపెడుతున్నారనీ రాశారు. చేర్చండి. అయితే ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు ఒక సంగతి కనుక్కోమనండి. బైపాస్ చేసి తెచ్చిన పేషెంటుని మొదటి రాత్రి ఎలా చూస్తారు? ఒక పేషెంటుకి ఒక సిస్టర్ అంటే నిశ్చింతగా చేరొచ్చు. ఇద్దరికి ఒకరంటే ఆలోచించుకోవాలి. ముగ్గురికి ఒకరంటే ఎంత జీతమిచ్చినా వద్దు.

నేను గుంటూరులో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి, విజయవాడలో గుండె ఆపరేషన్ల ఐసీయూలో చేరాను. ఇప్పుడు హైదరాబాద్‌లో అదే పనిలో ఉన్నాను. స్టాఫ్ నర్సంటే సూది వెయ్యడం, సెలైన్ ఎక్కించడం అనుకుంటారు బయటివాళ్లు. మా దగ్గర అది పనిలో చిన్న ముక్క. అసలు పని చార్టు. బీపీ, గుండె వేగం, సీవీపీ (గుండెకి తిరిగొచ్చే పెద్ద సిరలో ఒత్తిడి), మూత్రం, డ్రెయిన్లలోకి (లోపల కారే రక్తాన్ని బయటికి తెచ్చే గొట్టాలు) వచ్చిన రక్తం, ఒంటి వేడి, ఏ మందు ఎంత వేగంతో నడుస్తోంది, ఇవన్నీ గంట గంటకీ రాయాలి. థియేటర్ నుంచి వచ్చిన కొత్తలో పావుగంటకోసారి రాయాలి. రాసి ఊరుకుంటే లాభం లేదు. ముందు గంటలో ఏముంది, ఇప్పుడేముంది, ఎటు పోతోంది అని చూసుకుంటూ ఉండాలి. డాక్టరు గారు రౌండ్స్‌కి వచ్చి పది నిమిషాలు చూసి వెళ్తారు. మిగతా రాత్రంతా ఆ మనిషి మన చేతుల్లోనే.

విజయవాడలో ఉన్నప్పటి సంగతి ఒకటి చెప్తాను. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దాయన. మూడు గ్రాఫ్టుల బైపాస్, అంటే మూసుకుపోయిన చోట్లు దాటి రక్తం పోయేలా మూడు రక్తనాళాలు కొత్తగా అతికారు. సాయంత్రానికి ఐసీయూకి తెచ్చారు. నోట్లో వెంటిలేటర్ ట్యూబు, మెడలో పెద్ద సిరలోకి సెంట్రల్ లైను, మణికట్టులో బీపీ చూసే ఆర్టీరియల్ లైను, ఛాతీ కింద రెండు డ్రెయిన్లు, గుండె వేగం తగ్గితే కొట్టించడానికి పేసింగ్ వైర్లు. ఆ రాత్రి కేసులు తక్కువ. అందుకని నాకు ఆయన ఒక్కరే.

మొదటి గంటల్లో డ్రెయిన్ నూరు ఎంఎల్, ఎనభై ఎంఎల్ చొప్పున వచ్చింది. అది మామూలే. అర్ధరాత్రి దాటాక ఒక గంటలో పది ఎంఎల్ వచ్చింది, ఆ తర్వాత చుక్క రాలేదు. పక్క బెడ్ దగ్గరున్న సిస్టర్ చూసి, "హమ్మయ్య, మీ తాతకి బ్లీడింగ్ ఆగింది" అంది. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. రక్తం రావడం మెల్లమెల్లగా తగ్గి ఆగాలి. కుళాయి కట్టేసినట్టు ఆగిందంటే లోపల కారడం ఆగి ఉండకపోవచ్చు, బయటికొచ్చే దారి మూసుకుపోయి ఉండొచ్చు. ట్యూబులో గడ్డకట్టిన రక్తం అడ్డుపడితే కారేదంతా గుండె చుట్టూ చేరుతుంది. చుట్టూ ఒత్తిడి పెరిగితే గుండె విచ్చుకోలేదు. విచ్చుకోకపోతే నిండదు, నిండకపోతే ఒంటికి రక్తం అందదు. దీన్నే టాంపొనేడ్ అంటారు. సమయానికి కనిపెట్టకపోతే మనిషి దక్కడు.

ట్యూబు మెలిపడిందేమో, ఎక్కడైనా నలిగిందేమో అని మొదలు నుంచి చివరిదాకా తడిమి చూశాను. బాగానే ఉంది. చార్టు వెనక్కి తిప్పాను. సీవీపీ 9 ఉన్నది 13 అయింది, తర్వాత 17. పై బీపీ 118 నుంచి 96కి దిగింది. గుండె వేగం 88 నుంచి 116కి ఎక్కింది. గంటకు 60 ఎంఎల్ వస్తున్న మూత్రం 15కి పడిపోయింది. పాదాలు పట్టుకుంటే చల్లగా తగిలాయి. అప్పటిదాకా మానిటర్ ఒక్కసారి కూడా మోగలేదు. బీపీ 90 కంటే తగ్గితే, గుండె వేగం 120 దాటితే మోగేలా పెట్టి ఉంది. దాని లెక్కలో ఏ అంకెకి ఆ అంకె హద్దులోనే ఉంది. అన్నీ కలిపి ఎటు పోతున్నాయో చూడటం దానికి రాదు. అది చూడాల్సింది మనిషే.

డ్యూటీ డాక్టరు గారిని పిలిచాను. కొత్తగా చేరిన కుర్రాడు, మంచివాడు. "ఫ్లూయిడ్ తగ్గినట్టుంది సిస్టర్, 250 ఎంఎల్ ఇద్దాం" అన్నారు. "తగ్గితే సీవీపీ పడాలి కద సార్, ఇది పెరుగుతోంది. డ్రెయిన్ ఆగిపోయింది. ఎకో (గుండె స్కాన్) పెట్టి చూడండి, సర్జన్ సార్‌కి ఫోన్ చేద్దాం" అన్నాను. అంత రాత్రివేళ పెద్ద సర్జన్‌ని నిద్ర లేపడమంటే ఎవరికైనా జంకే. నేను చార్టు తెచ్చి ఆయన ముందు పెట్టాను. నాలుగు వరసలూ వేలితో చూపించాను. ఆయన ఇంకేమీ అనకుండా ఎకో మెషీన్ తెప్పించారు. గుండె పక్కన గడ్డ కనబడింది. ఫోన్ చేస్తే సర్జన్ గారు ఒకే మాటన్నారు, "థియేటర్ రెడీ చెయ్యండి, వస్తున్నా". అప్పటికి బీపీ 84. ఆయన దారిలో ఉండగానే బ్లడ్ బ్యాంకుకి మనిషిని పంపాం, మందుల పంపులన్నీ సర్దుకున్నాం, బెడ్డు తోసుకుంటూ థియేటర్‌కి పరిగెత్తాం. ఛాతీ మళ్లీ తెరిస్తే దోసెడు గడ్డ వచ్చింది. గ్రాఫ్టు తాలూకు చిన్న కొమ్మ ఒకటి కారుతోంది, దానికి క్లిప్పు వేశారు. తెల్లవారేసరికి పెద్దాయన తిరిగొచ్చారు. సీవీపీ 8, బీపీ 120, పాదాలు వెచ్చగా ఉన్నాయి.

విజిటింగ్ టైములో వాళ్లావిడ వచ్చి, "రాత్రి మళ్లీ కోశారంట గదమ్మాయ్, మొదట సరిగ్గా చెయ్యలేదా?" అని ఏడ్చింది. కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పాను. బైపాస్ తర్వాత కొద్దిమందికి ఇలా రక్తం కారి మళ్లీ తెరవాల్సి వస్తుంది. ఎంత మంచి సర్జన్ చేసినా వస్తుంది. అది తప్పు కాదు, ఆలస్యంగా కనిపెడితే తప్పు. ఆమెకి అర్థమైంది. అర్థమయ్యేలా చెప్పే తీరిక ఎవరికైనా ఉంటే చాలామంది అటెండెంట్లు గొడవ పెట్టుకోరు. ఆసుపత్రుల్లో జరిగే గొడవల్లో సగం ఎవరూ కూర్చుని చెప్పకపోవడం వల్లే జరుగుతాయని నా గట్టి నమ్మకం.

ఆ రాత్రి నాకు ముగ్గురు పేషెంట్లు ఉండి ఉంటే ఏమయ్యేది? ఒకరికి సక్షన్ చేస్తూ (ట్యూబులో కఫం లాగుతూ) ఉండేదాన్ని, ఇంకొకరికి బీపీ నిలబెట్టే నార్అడ్రినలిన్ సిరంజి మారుస్తూ ఉండేదాన్ని. పెద్దాయన డ్రెయిన్ ఆగిన సంగతి మానిటర్ మోగాకే తెలిసేది. నేను పనిచేసిన ఒకచోట ముగ్గురికి ఒకరు చొప్పున నడిపేవారు. అక్కడ రెండు, మూడు, నాలుగు గంటల అంకెలు తెల్లవారుజామున ఒకేసారి నింపడం నా కళ్లతో చూశాను. ఆ పిల్లల్ని నేను ఒక్క మాట కూడా అనను. రెండు చేతులతో మూడు బెడ్లు చూడమన్న మేనేజ్‌మెంటుని అంటాను. ఐసీయూలో ఒకరికి ఒకరు ఉండాలని కాగితాల మీద ఏనాటి నుంచో ఉంది. ఐసీయూ బిల్లు మాత్రం పూర్తిగా వసూలు చేస్తారు. పేషెంటు తరఫువాళ్లు ఏసీ ఉందా, క్యాంటీన్ బాగుందా అని అడుగుతారు గానీ, నా తండ్రి బెడ్ దగ్గర రాత్రి ఎంతమంది నర్సులుంటారని అడిగినవాళ్లని నేను చూడలేదు. అడగండి. మీరు అడిగితేనే మారుతుంది.

జీతం సంగతి కూడా చెప్పాలి. ప్రైవేటు నర్సుల జీతాల గురించి 2016లో సుప్రీంకోర్టు ఆదేశిస్తే కేంద్రం కమిటీ వేసింది. 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా 20,000కి తగ్గకూడదనీ, 200 పడకలు దాటితే గవర్నమెంటు నర్సుతో సమానంగా ఇవ్వాలనీ ఆ కమిటీ చెప్పింది. కేరళలో నర్సులు సమ్మెలు చేసి 2018లో కనీస వేతనం పెంచుకున్నారు. మన దగ్గర ఆ తర్వాత కూడా పన్నెండు వేలకీ, పదిహేను వేలకీ చేరిన పిల్లలు నాకు తెలుసు. తెలుగు అమ్మాయిలు నర్సింగ్‌లో నిలబడరు, కేరళ వాళ్లే నిలబడతారని కొందరు పెద్దమనుషులు తేలిగ్గా అంటుంటారు. ఆ జీతంతో హాస్టలు ఫీజు కట్టి, నైట్‌లు చేసి, ఇంటికి డబ్బు పంపే పిల్లని చూసి ఆ మాట అనమనండి.

ఇంకో బాధ కూడా ఉంది. ఛాతీలో నొప్పి మొదలైతే మనవాళ్లు సోడా తాగుతారు, ఈనో తాగుతారు, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర గ్యాస్ ఇంజెక్షన్ వేయించుకుంటారు. తెల్లారి మా దగ్గరికొస్తారు. షుగరున్న వాళ్లకీ, ఆడవాళ్లకీ ఒక్కోసారి నొప్పే తెలియదు. చెమటలు పడతాయి, ఆయాసం వస్తుంది, అంతే. మూసుకుపోయిన రక్తనాళం ఎంత త్వరగా తెరుచుకుంటే గుండె కండరం అంత మిగులుతుంది. ఆసుపత్రి గుమ్మం తొక్కిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, తొంభై నిమిషాల్లో ఆ నాళం తెరిచే బెలూన్ వెయ్యాలి అని మేము పరుగులు పెడతాం. ఇంట్లో ఆరు గంటలు పోగొట్టుకుని వస్తే ఆ పరుగు ఎంతవరకు ఆదుకుంటుంది? ఇంకొందరు వాట్సాప్‌లో చూసి నాలుక కింద సార్బిట్రేట్ (రక్తనాళాల్ని వదులు చేసే మాత్ర) పెట్టి తెస్తారు. గుండె కుడివైపు గది దెబ్బతిన్న అటాక్‌లో ఆ మాత్ర బీపీని అమాంతం దించేస్తుంది. డాక్టరు చెప్పకుండా పెట్టకండి. 108కి ఫోన్ చెయ్యండి, నడిపించకండి.

మళ్లీ మీ చెల్లి దగ్గరికి వస్తాను. నైట్‌లు కష్టమే. కాళ్లు పీకుతాయి, పగటి నిద్ర నిద్రలా ఉండదు, సంక్రాంతికి ఇంట్లో ఉండటం కుదరదు. కానీ ఇక్కడ రెండేళ్లు సరిగ్గా చేసిన పిల్ల ఏ ఐసీయూలోనైనా తల ఎత్తుకుని పనిచేస్తుంది. మొదటి ఆరు నెలలు ఈసీజీ చదవడం మీదే కూర్చోమనండి. బైపాస్ అయిన రెండో రోజో మూడో రోజో చాలామందికి గుండె లయ తప్పి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వస్తుంది, దాన్ని ఈసీజీ స్ట్రిప్ చూడగానే పట్టుకోవాలి. పొటాషియం రిపోర్టు రాగానే చూసుకోవాలి. పొటాషియం క్లోరైడ్ ఎప్పుడూ నేరుగా సిరంజితో నెట్టకూడదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌ని సిరంజిలోకి తీసినప్పుడు పక్క సిస్టర్‌కి చూపించకుండా ఇవ్వకూడదు. పేషెంటు నొప్పని దగ్గకుండా పడుకుంటే జాలిపడి వదిలెయ్యకూడదు. ఛాతీకి దిండు అదిమి పట్టించి దగ్గించాలి, ఊపిరి గట్టిగా పీల్చడం అలవాటు చేసే మూడు బంతుల స్పైరోమీటర్ పీల్పించాలి, లేకపోతే కఫం చేరి న్యుమోనియా వస్తుంది. సీనియర్ సిస్టర్ కసిరినా సరే, తెలియంది అడగమనండి.

చేరే రోజున ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటారు. ఇవ్వొద్దు. వెరిఫికేషన్‌కి చూపించి, జిరాక్సులిచ్చి, ఒరిజినల్స్ వెంటనే తెచ్చేసుకోమనండి. మా బ్యాచ్‌మేటు ఒకమ్మాయికి గవర్నమెంటు పోస్టు వచ్చినప్పుడు, బాండు పేరుతో ఆ కాగితాలు నెలల తరబడి తొక్కిపెట్టారు. సంతకం పెట్టేముందు బాండు కాగితం ఫొటో తీసి పంపమనండి. అందులో ఏముందో ఇక్కడ రాస్తే నేను చూసి చెప్తాను.